పంపు ఎందుకు కాలింది?

చిన్నప్పుడు మా ఇంట్లో ఇనుప సైకిల్ పంపు ఒకటి ఉండేది. కింద రెండు పాదాలతో అదిమిపెట్టి, రెండు చేతులా పిడి పట్టుకుని నడుం వంచి కొట్టే రకం. నాన్న సైకిల్ వెనక టైరుకి గాలి కొట్టడం నా పని. ఒకరోజు పని అయ్యాక పంపును అడుగున, ట్యూబు మొదలయ్యే చోట పట్టుకుని ఎత్తబోయాను. చెయ్యి చురుక్కుమంది. "లోపల వాషరు రాసుకుంటుంది కదరా, అందుకే వేడి" అన్నారు నాన్న. చాలా ఏళ్లు నేనూ అదే నమ్మాను.

అది రాపిడి వల్ల పుట్టిన వేడి కాదని తేల్చుకోవడానికి ల్యాబు అక్కర్లేదు. ట్యూబును టైరుకి తగిలించకుండా ఊరికే గాల్లోకి ఓ ముప్పై సార్లు కొట్టి చూడండి. వాషరు ఎప్పటిలాగే రాసుకుంటుంది, అడుగు మాత్రం పెద్దగా వేడెక్కదు. తర్వాత టైరుకి తగిలించి అన్నిసార్లే కొట్టండి. తేడా అరచేతికే తెలుస్తుంది. పైగా వాషరు గొట్టం పొడవునా తిరుగుతుంది, కానీ ఎక్కువగా కాలేది అడుగునే. గాలి నలిగేది అక్కడే మరి.

గాలిని నలిపితే వేడెందుకు పుడుతుంది? గదిలో ఉన్న గాలి అణువులు సెకనుకు సుమారు 500 మీటర్ల వేగంతో అటూ ఇటూ పరుగులు పెడుతుంటాయి. ఆ పరుగు ఎంత జోరుగా ఉందో చెప్పే కొలతే ఉష్ణోగ్రత. కదలని గోడకు కొట్టుకున్న అణువు దాదాపు వచ్చిన వేగంతోనే వెనక్కి పోతుంది. గోడే ఎదురొస్తే సంగతి వేరు. బ్యాట్స్‌మన్ బ్యాటును ముందుకు ఊపితే బంతి వచ్చినదానికంటే వేగంగా పోతుంది. అదే బ్యాటును చివరి క్షణంలో కొంచెం వెనక్కి లాక్కుంటే బంతి చచ్చినట్టు కాళ్ల దగ్గరే పడిపోతుంది. పంపులో పిస్టన్ మొదటి పని చేస్తుంది. అది దిగేటప్పుడు తగిలిన ప్రతి అణువూ కొంచెం అదనపు వేగం పుంజుకుని, పక్కవాటిని గుద్ది ఆ ఊపును పంచుతుంది. మన భుజాల కష్టమంతా అలా గాలి వేడిగా మారుతుంది. 27 డిగ్రీల గాలిని, వేడి బయటికి పోనివ్వకుండా, నాలుగు రెట్ల పీడనానికి తీసుకెళ్తే అది సుమారు 170 డిగ్రీలకు చేరుతుందని లెక్క. ఇనుప గొట్టం ఆ వేడిని ఎప్పటికప్పుడు లాగేసుకుంటుంది కాబట్టి మన చెయ్యి చురుక్కుమనడంతో సరిపోతుంది.

"వేడి బయటికి పోనివ్వకుండా" అన్న ఆ చిన్న షరతు దగ్గరే న్యూటన్ అంతటివాడు దెబ్బతిన్నాడు.

1662లో రాబర్ట్ బాయిల్ తన సూత్రాన్ని అచ్చు వేశాడు. ఒక చివర మూసిన వంపు గాజు గొట్టంలో పాదరసం పోస్తూ, లోపల చిక్కుకున్న గాలి ఎంత కుంచించుకుపోతోందో కొలిచాడు. ఘనపరిమాణం సగమైతే పీడనం రెట్టింపు. స్కూల్లో మనందరం బట్టీ పట్టిన సూత్రమే. ఆ ప్రయోగం నింపాదిగా జరిగింది కాబట్టి, నలిగినప్పుడు పుట్టిన కాస్త వేడీ గాజులోంచి బయటికి పోయేది. గాలి ఉష్ణోగ్రత మారలేదు. సూత్రం చక్కగా కుదిరింది.

శబ్దం అంటే గాలి కాస్త నలగడం, కాస్త సడలడం, ఆ అలజడి ముందుకు పాకడం. దాని వేగాన్ని లెక్కగట్టడానికి న్యూటన్ బాయిల్ సూత్రాన్నే వాడాడు. సెకనుకు 979 అడుగులని వచ్చింది. ఫిరంగి పేల్చి, మెరుపుకీ మోతకీ మధ్య వ్యవధిని చూసి కొలిచినవాళ్లకు 1142 అడుగులు వచ్చింది. అంత పెద్ద తేడా కొలతలో పొరపాటు కాదు. 1713లో తన గ్రంథం రెండో ముద్రణలో న్యూటన్ దీన్ని సర్దడానికి ప్రయత్నించాడు. గాలి రేణువులకు సొంత మందం ఉంటుందన్నాడు, గాలిలో కలిసిన ఆవిర్లు శబ్దంలో పాలుపంచుకోవన్నాడు. చివరికి లెక్క సరిగ్గా 1142కే తేలింది! జవాబు ముందే చూసుకుని లెక్క చేసే అలవాటు మనకే ఉందనుకోకండి.

అసలు కారణం ఒక శతాబ్దం తర్వాత, 1816లో ఫ్రెంచ్ గణితవేత్త లాప్లాస్ అచ్చులో పెట్టాడు. శబ్దతరంగంలో గాలి నలిగినప్పుడు అక్కడ కొంచెం వేడెక్కుతుంది. వేడెక్కిన గాలి మరింత గట్టిగా ఎదురుతోస్తుంది. అందుకే తరంగం వేగంగా పాకుతుంది. ఆ వేడి పక్కకు జారిపోదా? దానికి సమయం చాలదు. సెకనుకు వంద సార్లు కంపించే శబ్దంలో నలిగిన చోటుకీ సడలిన చోటుకీ మధ్య దూరం దాదాపు 1.7 మీటర్లు. సెకనులో 200వ వంతు సమయంలో వేడి అంత దూరం ఎలా పాకుతుంది? ఈ సవరణతో న్యూటన్ లెక్క దాదాపు 18 శాతం పెరిగి కొలతతో కలిసిపోయింది. నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరిచేది ఇంకోటి. మనం మాట్లాడుకునేటప్పుడు గాలిలో కలిగే ఉష్ణోగ్రత మార్పు డిగ్రీలో వెయ్యో వంతు కూడా ఉండదు. అంత కొంచెం మార్పే శబ్దం వేగాన్ని అంత మారుస్తుంది.

శబ్దంలో చేతికి అందని ఈ వేడి డీజిల్ ఇంజన్‌లో మంటే పుట్టిస్తుంది. లారీకి స్పార్క్ ప్లగ్ ఉండదు. సిలిండర్‌లోని గాలిని దాదాపు ఇరవయ్యో వంతుకు నలిపేసరికి అది 500 డిగ్రీలు దాటిపోతుంది. అందులోకి చిమ్మిన డీజిల్ తనంతట తానే అంటుకుంటుంది.

నలపకుండా వేడి చేసినా పీడనం పెరుగుతుందన్నది తెలిసిందే. ఎండాకాలం టైరులో గాలి కాస్త తక్కువ కొట్టించుకోమని పంక్చర్ షాపులో సలహా ఇస్తుంటారు. లెక్క చూస్తే, 27 డిగ్రీల దగ్గర 33 కొట్టించిన కారు టైరు 57 డిగ్రీలకు వేడెక్కితే మీటరు సుమారు 38 చూపిస్తుంది. కానీ కంపెనీవాళ్లు ఆ పెరుగుదలను ముందే లెక్కలో వేసుకుని, టైరు చల్లగా ఉన్నప్పటి అంకె చెబుతారు. తగ్గించాల్సిన పనిలేదు. గాలి తక్కువైన టైరు బాగా నలిగి ఇంకా వేడెక్కుతుంది కూడా.

ఇక రెండో వైపు. వాయువు వ్యాకోచిస్తే చల్లబడుతుందని అందరం అంటాం. అది సగం నిజం. 1845లో జేమ్స్ జౌల్ రెండు రాగి పాత్రలను కుళాయితో కలిపాడు. ఒకదానిలో వాతావరణానికి 22 రెట్ల పీడనంతో గాలి, రెండో దానిలో శూన్యం. రెంటినీ నీళ్లలో ముంచి కుళాయి తిప్పాడు. గాలి బుస్సున రెండో పాత్ర నిండా పరుచుకుంది. నీళ్ల ఉష్ణోగ్రతలో మార్పేమీ కనిపించలేదు! శూన్యంలోకి పోయిన గాలి దేన్నీ తోయలేదు, అందుకే దాని శక్తి ఖర్చు కాలేదు. వ్యాకోచం ఒక్కటే చాలదు, ఆ వ్యాకోచంలో వాయువు దేన్నైనా నెట్టాలి. అప్పుడే, వెనక్కి లాక్కున్న బ్యాటుకు తగిలిన బంతిలా, అణువులు వేగం కోల్పోతాయి. (అణువుల మధ్య ఆకర్షణ వల్ల వచ్చే చిన్న చల్లదనాన్ని జౌల్ తర్వాత విలియం థామ్సన్‌తో కలిసి పట్టుకున్నాడు, అది వేరే కథ.)

హోటల్ వంటింట్లో పెద్ద పొయ్యి చాలాసేపు మండితే గ్యాస్ సిలిండర్ అడుగున చెమట పడుతుంది, ఒక్కోసారి మంచు కూడా పేరుకుంటుంది. దాన్నీ చాలామంది వ్యాకోచం ఖాతాలోనే వేస్తారు. అక్కడ జరిగేది ప్రధానంగా వేరు. లోపలి ద్రవం ఆవిరవుతూ ఇనుము నుంచి వేడిని లాక్కుంటోంది. స్నానం చేసి ఫ్యాను కింద నిలబడితే వణుకు పుట్టడానికీ అదే కారణం.

నెట్టుతూ వ్యాకోచించే గాలిని చూడాలంటే తల పైకెత్తాలి. పైకి లేచే గాలి మీద పీడనం తగ్గుతుంది. అది చుట్టూ ఉన్న గాలిని నెట్టుకుంటూ వ్యాకోచించి, కిలోమీటరుకు దాదాపు 10 డిగ్రీల చొప్పున చల్లబడుతుంది. ఒక ఎత్తుకు చేరాక అందులోని ఆవిరి బొట్లుగా మారి మేఘం కడుతుంది. అరేబియా సముద్రం మీది నుంచి వచ్చే నైరుతి గాలి పడమటి కనుమలు ఎక్కుతూ చేసేది ఇదే. ఆవిరి నీరయ్యేటప్పుడు దాచుకున్న వేడిని గాలికి వదులుతుంది కాబట్టి మేఘంలో చల్లబడటం కాస్త నెమ్మదిస్తుంది. ఆ వాన కనుమల మీదే కురిసిపోతుంది, వేడి మాత్రం గాలిలోనే ఉండిపోతుంది.

కొండ దాటి ఇటు దిగేటప్పుడు అదే గాలి పంపు అడుగున ఉన్న గాలిలా నలుగుతుంది. కిలోమీటరుకు 10 డిగ్రీలు తిరిగి పుంజుకుంటుంది. తేమ అప్పటికే చాలావరకు పోయింది, ఉన్న కాస్తా ఆ వేడికి వాన మేఘం కట్టలేదు. కర్ణాటకలో ఆ కనుమల మీదున్న ఆగుంబేలో ఏడాదికి 7000 మిల్లీమీటర్లు దాటి కురిస్తే, అనంతపురానికి దక్కేది సగటున 550 దగ్గర. ఆషాఢంలో అక్కడ గాలి హోరుమంటుంది, పలచటి మబ్బులు తూర్పుకు పరుగెడతాయి, వేరుశనగ వేసిన రైతు పడమర దిక్కు చూస్తూ నిలబడతాడు.