అరుగు బండ మీది నల్ల మచ్చ

హన్మకొండలో మా పాత ఇంటి అరుగు బండ మీద అరచేతంత నల్ల మచ్చ ఒకటి ఉండేది. ఎవరో నూనె ఒలకబోశారనుకుని అమ్మ దాన్ని కొబ్బరి పీచుతో, చింతపండుతో ఎన్నిసార్లు తోమిందో లెక్కలేదు. మచ్చ పోలేదు. అది రాయిలోనే ఉంది మరి.

దగ్గరగా చూస్తే, చుట్టూ ఉన్న బండలో గులాబీ, తెలుపు ఫెల్‌స్పార్ గింజలు, గాజు పెంకుల్లా క్వార్ట్జ్, మధ్యమధ్య ఎండకు తళుక్కుమనే నల్ల అభ్రకం. మచ్చలో గింజలు సన్నం, నలుపు ఎక్కువ. అంచు గుండ్రం. విరిగిపడ్డ రాతి ముక్కయితే అంచులు పదునుగా ఉండేవి. ఇది రాయి ఇంకా ద్రవంగా ఉన్నప్పుడే, అంతకన్నా వేడిగా ఉన్న నల్లని శిలాద్రవం బొట్టుగా అందులో పడి, గబగబా గడ్డకట్టిన గుర్తు. అందుకే గింజలు పెరగడానికి సమయం చాలలేదు.

ఓరుగల్లు గుట్టలన్నీ ధార్వాడ్ క్రేటాన్ అనే పురాతన ఖండభాగానికి తూర్పు వైపున ఉన్నాయి. ఈ వైపు గ్రానైట్లలో ఎక్కువ భాగం వయసు 250 కోట్ల ఏళ్లకు అటూ ఇటూ. ఇంత రాయి ఎక్కడి నుంచి వచ్చింది?

భూమి పైపొర పెద్ద పెద్ద పలకలుగా విడిపోయి, మెల్లగా కదులుతూ ఉంటుంది. సముద్రం అడుగునున్న పలక ఇంకో పలక కిందికి దూరేటప్పుడు, తన ఖనిజాల్లో ఇంకిన నీటిని కూడా తీసుకుపోతుంది. సుమారు 100 కిలోమీటర్ల లోతుకు చేరేసరికి ఆ నీరు విడిపోయి పైనున్న మాంటిల్‌లోకి, అంటే భూమి పైపొర కింద ఉండే మందపాటి రాతి పొరలోకి, ఎక్కుతుంది. అక్కడ వేడి కొత్తగా పెరిగిందేమీ లేదు. నీరు తగిలితే రాయి తక్కువ వేడికే కరుగుతుంది, అంతే. నిప్పులు కక్కే కొండల వరస వెనక ఉన్నది నీళ్లని తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు జలదరిస్తుంది. అండమాన్ సముద్రంలో బారెన్ ద్వీపం నేటికీ అలాగే రగులుతోంది.

అలా మొదట పుట్టేది బసాల్ట్ అనే నల్లరాయి ద్రవం. అందులో సిలికా, అంటే ఇసుకలో ఉండే పదార్థం, 50 శాతం దాకా ఉంటుంది. ఖండాల సగటు మాత్రం 60 శాతం. ఈ తేడా ఎలా వచ్చిందో గానుగ నూనె చూసినవాళ్లకు సులువుగా అర్థమవుతుంది. నిలవ ఉంచితే మడ్డి అడుక్కి దిగి, తేట పైన మిగులుతుంది. సిలికా తక్కువున్న బరువైన ఖనిజాలు ముందు గడ్డకట్టి దిగిపోతే, మిగిలిన ద్రవంలో సిలికా పెరుగుతుంది. పైకొచ్చే వేడికి పాత రాళ్లు కూడా కరిగి అందులో కలుస్తాయి. అలా తయారైన రాయి తేలిక. సముద్రపు అడుగు దాదాపు అంతా 20 కోట్ల ఏళ్లు తిరక్కుండానే మళ్లీ లోపలికి మునిగిపోతుంది, మన గుట్టలు మాత్రం తేలుతూనే ఉన్నాయి.

అప్పటి భూమి ఇప్పటికన్నా వేడిగా ఉండేది కాబట్టి, పలకలు ఇలాగే కదిలాయా, లేక లోతు నుంచి ఉబికిన వేడి ప్రవాహాలే ఎక్కువ పని చేశాయా అన్న వాదన శాస్త్రవేత్తల్లో ఉంది. నాకు మొదటిదే నమ్మకంగా అనిపిస్తుంది. నియోబియం అనే లోహం నీటితో సులువుగా కదలదు కాబట్టి, పలకలు దూరే చోట పుట్టిన నేటి అగ్నిపర్వతాల వరసల రాళ్లలో అది తక్కువ. ధార్వాడ్ తూర్పు భాగపు రాళ్లలోనూ ఆ కొరత కనిపిస్తుంది.

ఇల్లు కూలగొట్టినప్పుడు ఆ బండను మాత్రం తెచ్చుకున్నాను. ఇప్పుడది తులసి కోట ముందు ఉంది. పొద్దున అమ్మ నీళ్లు పోస్తే, మచ్చ తడిసి ఇంకా నల్లగా తేలుతుంది.