హైడ్రోజన్‌కు పెళ్లి సంబంధం

"నీళ్లతో కారు నడుస్తుందట కదా, ఇంకా పెట్రోలు ఎందుకండీ?" అని ఒక పాఠకుడు అడిగారు. నడవదండీ. హైడ్రోజన్ కాలాక మిగిలే బూడిదే నీళ్లు. ఆ బూడిదను మళ్లీ కట్టెగా చేయాలంటే, కాలినప్పుడు వచ్చిన శక్తినంతా తిరిగి పెట్టాలి, పైన వృథా కూడా భరించాలి. నీళ్లను కరెంటుతో విడగొట్టి కిలో హైడ్రోజన్ తీయడానికి 9 లీటర్ల నీళ్లు చాలు, కరెంటు మాత్రం 50 యూనిట్లకు పైనే. బడిలో నీళ్లలోకి కరెంటు పంపి బుడగలు చూపించి కరెంటు మీటరు చూపించకపోవడం వల్లే ఈ భ్రమ చావడం లేదని నా అనుమానం.

యూనిట్ 3 రూపాయలకే దొరికినా, కిలోకు కరెంటు ఖర్చే 150. సహజవాయువు నుంచి తీసేది చవక, కాకపోతే కిలోకు 9-10 కిలోల కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. మరి ఖరీదైన సరుకును ఎవరు కొంటారు? కొనేవాడు లేనిదే బ్యాంకు అప్పివ్వదు. అప్పు పుట్టనిదే ప్లాంటు లేవదు. ప్లాంట్లు పెరగనిదే ధర దిగదు, ధర దిగనిదే కొనేవాడు రాడు. పెళ్లయితేగాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగాని పెళ్లి కాదు!

2023 జనవరిలో కేంద్రం 19,744 కోట్లతో జాతీయ గ్రీన్ హైడ్రోజన్ మిషన్‌కు ఆమోదం తెలిపింది. గ్రీన్ అంటే ఎండ, గాలి లాంటి వాటి కరెంటుతో తీసినదని. కోట్ల సంగతి అలా ఉంచండి. నాకు ముచ్చటేసింది పెళ్లిళ్ల పేరయ్య పాత్ర. ఆ పాత్రలో ఉన్నది ప్రభుత్వ సంస్థ సెకీ (సోలార్ ఎనర్జీ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా). పెళ్లికూతురు ప్రైవేటు ఉత్పత్తిదారు, పెళ్లికొడుకు ఎరువుల ఫ్యాక్టరీ. ఎరువులవాళ్లే ఎందుకంటే హైడ్రోజన్‌ను నైట్రోజన్‌తో కలిపితే వచ్చే అమ్మోనియాను వాళ్లు ఎప్పటినుంచో వాడుతున్నారు, కొత్త యంత్రాలు అక్కర్లేదు. పైగా హైడ్రోజన్‌ను ద్రవం చేయాలంటే మైనస్ 253 డిగ్రీలకు చల్లార్చాలి, అమ్మోనియాకు మైనస్ 33 చాలు.

2025లో జరిగిన తొలి గ్రీన్ అమ్మోనియా వేలంలో ఒడిశాలోని పారాదీప్ ఫాస్ఫేట్స్‌కు ఏటా 75,000 టన్నులు ఇవ్వడానికి ఆక్మే సంస్థ కిలో 55.75 రూపాయలకు ముందుకొచ్చింది. ఒప్పందం పదేళ్లు. సంబంధం కుదిర్చిన పేరయ్యవారే పుట్టింటివారిలా సారె కూడా పెడుతున్నారు. కిలో అమ్మోనియాకు తొలి ఏడాది 8.82, రెండో ఏడాది 7.06, మూడో ఏడాది 5.30 రూపాయలు. నాలుగో ఏటి నుంచి ఎవరి సంసారం వారిదే.

ఇక్కడ చిన్న లెక్క చేద్దాం. 17 కిలోల అమ్మోనియాలో ఉండే హైడ్రోజన్ 3 కిలోలు. కాబట్టి 55.75ను 17తో హెచ్చించి 3తో భాగిస్తే, గాలి నుంచి నైట్రోజన్ తీసి దాంతో కలిపే ఖర్చంతా హైడ్రోజన్ ఖాతాలోనే రాసినా, కిలో సుమారు 316 రూపాయలు. తొలి ఏటి సారె కలిపితే మరో 50.

మన తీరంలో ఈ పని రెండు రకాలుగా మొదలైంది. కాకినాడలో ఏఎం గ్రీన్ ప్రైవేటు సంస్థ, ఏటా 10 లక్షల టన్నుల అమ్మోనియా దాని లక్ష్యం. విశాఖ దగ్గర పూడిమడకలో ప్రభుత్వరంగ ఎన్టీపీసీ వారిది, రోజుకు 1,500 టన్నుల హైడ్రోజన్ తీయాలని. కిలోకు 50 యూనిట్ల చొప్పున చూస్తే రోజుకు 7.5 కోట్ల యూనిట్లు! సూర్యుడేమో సాయంత్రానికి వెళ్లిపోతాడు. అందుకే ఉమ్మడి కర్నూలు జిల్లా పిన్నాపురంలో ఉన్నటువంటి ఏర్పాట్లు కావాలి. పగటి కరెంటుతో నీళ్లను పై జలాశయానికి తోడి, రాత్రి కిందికి వదిలి టర్బైన్లు తిప్పుతారు. అంటే రాత్రిపూట నీళ్లను విడగొట్టే కరెంటు నీళ్ల నుంచే రావచ్చు. ప్రశ్న అడిగిన పాఠకుడికి ఆ మేరకు సగం మార్కులు.