మూసుకున్న నాళం తెరిచాక గుండెకు తగిలే రెండో దెబ్బ

గుండెపోటులో మూసుకుపోయిన నాళాన్ని ఎంత త్వరగా తెరిస్తే అంత మంచిది, దాంట్లో రెండో మాట లేదు. చిక్కేంటంటే, రక్తం మళ్లీ పారిన తొలి నిమిషాల్లోనే, అప్పటిదాకా ఎలాగోలా బతికున్న కండర కణాలు కొన్ని చచ్చిపోతాయి.

దీన్ని 1960లోనే పరిశోధకుడు జెన్నింగ్స్ బృందం కుక్కల గుండెల్లో గమనించింది. అప్పట్లో పెద్దగా ఎవరికీ పట్టలేదు, ఎందుకంటే మనుషుల్లో నాళం తెరిచే వైద్యమే లేదు కదా. 1980లలో గడ్డను కరిగించే స్ట్రెప్టోకినేజ్ వాడకంలోకి వచ్చాకే ఇది అసలు సమస్య అయింది. ఆక్సిజన్ ఒక్కసారిగా అందేసరికి ఫ్రీ రాడికల్స్ (కణాన్ని దెబ్బతీసే చురుకైన అణువులు) పుడతాయి, కాల్షియం కణంలోకి పోటెత్తుతుంది, పేరుకున్న ఆమ్లం చకచకా కొట్టుకుపోతుంది. విచిత్రంగా, మైటోకాండ్రియా (కణానికి శక్తినిచ్చే భాగాలు) పొరలోని ఒక రంధ్రాన్ని అంతవరకూ మూసి ఉంచింది ఆ ఆమ్లమే. ఆ రంధ్రం తెరుచుకుందంటే కణం పని అయిపోయినట్టే.

1986లో ముర్రీ, జెన్నింగ్స్, రైమర్ చేసిన ప్రయోగం మాత్రం ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు. కుక్కల్లో రక్తాన్ని ఐదేసి నిమిషాల చొప్పున నాలుగుసార్లు ఆపి వదిలి, ఆ తర్వాత 40 నిమిషాలు పూర్తిగా ఆపితే, చచ్చిన కండరం మామూలుగా చచ్చేదాంట్లో పావు వంతే! కానీ గుండెపోటు ముందే చెప్పి రాదు. అందుకని 2003లో ఇంకో బృందం నాళం తెరిచాక అర నిమిషం చొప్పున ఆపి వదిలి చూస్తే, అదీ పనిచేసింది. చేతికి బీపీ పట్టీ బిగించి వదిలినా గుండెకు రక్షణ దొరుకుతుందని మరికొందరు చూపించారు.

ఇక మందు వచ్చేసినట్టే అనిపించింది. 2008లో 58 మంది రోగుల్లో, ఆ మైటోకాండ్రియా రంధ్రం తెరుచుకోకుండా అడ్డుకునే సైక్లోస్పోరిన్ అనే మందు దెబ్బతిన్న కండరాన్ని తగ్గించింది. 2015లో 970 మందిపై చూస్తే లాభం లేదు. బీపీ పట్టీ సంగతీ అంతే, ఐదు వేల మందికి పైగా రోగులతో చేసిన పరీక్ష 2019లో తేల్చేసింది.

నన్నడిగితే తప్పంతా మందులది కాదు. ప్రయోగశాల జంతువులు ఎక్కువగా వయసులో ఉన్నవి, వేరే జబ్బుల్లేనివి. రోగులేమో పెద్దవాళ్లు, చాలామందికి షుగర్, పైగా అప్పటికే రక్తం గడ్డకట్టకుండా రకరకాల మందులు పడి ఉంటాయి, వాటిలో కొన్నింటికి గుండెను కాపాడే గుణం ఉండొచ్చని అనుమానం కూడా ఉంది. యాంజియోప్లాస్టీ త్వరగా జరిగిపోతే కాపాడటానికి మిగిలే కండరమూ తక్కువే. అందుకే ఇప్పుడు ఒకే రంధ్రం వెంట పడకుండా రెండు మూడు మార్గాలను కలిపి అడ్డుకోవడం, షుగర్ ఉన్న, వయసు మళ్లిన జంతువుల్లోనే ముందు పరీక్షించడం మీద దృష్టి పెడుతున్నారు.