రీడ్-ఓన్లీ పెట్టాం కదా! ఫైల్ పర్మిషన్లపై అపోహలు - వాస్తవాలు

అపోహ: ఫైలుకి రీడ్-ఓన్లీ పెడితే దాన్నెవరూ తీసేయలేరు.

వాస్తవం: సర్వర్ ఆడిట్లలో నాకు ఎక్కువగా ఎదురయ్యే మాట ఇదే. లినక్స్‌లో ఫైలు డిలీట్ చేయడమంటే ఆ ఫైల్లో ఏదో రాయడం కాదు, డైరెక్టరీలోంచి దాని పేరు కొట్టేయడం. అందుకే చూడాల్సింది డైరెక్టరీ మీద రైట్ పర్మిషన్ ఎవరికుందని.

రోజూ రాత్రి క్రాన్ (పెట్టిన టైముకి పనులు నడిపే ప్రోగ్రాము) నడిపే బ్యాకప్ స్క్రిప్టు ఉందనుకోండి. ఓనర్ రూట్ (అన్ని అధికారాలున్న అడ్మిన్ యూజర్), నడిపేదీ రూటే. పర్మిషన్ 755, అంటే ఓనర్ తప్ప ఇంకెవరూ అందులో రాయలేరు. చూడ్డానికి అంతా బాగానే ఉంది. కానీ అది ఉన్న డైరెక్టరీ 777, అంటే అందరికీ రైట్ పర్మిషన్ ఉంది. మామూలు యూజర్ ఎవరైనా ఆ స్క్రిప్టు పేరు మార్చేసి, పాత పేరుతో తన స్క్రిప్టు పెట్టేస్తే చాలు. రాత్రికి దాన్ని రూటే స్వయంగా నడిపిస్తుంది! అందరూ వాడే టెంప్ డైరెక్టరీకి 777 కాకుండా 1777 ఉండేది ఇందుకే. ముందున్న ఆ 1 స్టికీ బిట్. అదుంటే మామూలు యూజర్లు ఒకరి ఫైళ్లు ఇంకొకరు తీసేయలేరు. ఫైలొక్కటే చూసి వదిలేయకండి, అన్నిటికంటే పైనుండే రూట్ డైరెక్టరీ (/) దాకా పైనున్నవన్నీ చూడండి.

అపోహ: ఎర్రర్ పోయేదాకా 777 ఇచ్చి, తర్వాత మార్చేస్తే సరి.

వాస్తవం: ఆ "తర్వాత" ఎప్పుడూ రాదు, అది వేరే సంగతి. పర్మిషన్ చెక్ జరిగేది ఫైలు ఓపెన్ చేసేటప్పుడే. ఈలోగా ఓపెన్ చేసి పెట్టుకున్న ప్రాసెస్, మీరు 600కి (ఓనర్‌కి మాత్రమే) మార్చినా చదువుతూనే ఉంటుంది. చాలాసార్లు అసలు తప్పు ఓనర్‌షిప్‌లో ఉంటుంది, సరిచేయాల్సింది దాన్ని.

అపోహ: కంపెనీ ఇచ్చిన డిఫాల్ట్ సెట్టింగులకు ఢోకా ఉండదు.

వాస్తవం: 2021 జులైలో బయటపడ్డ హైవ్‌నైట్‌మేర్ అనే విండోస్ లోపం చూడండి. విండోస్ 10 1809 నుంచి, పాస్‌వర్డ్ హ్యాష్‌లుండే (అంటే పాస్‌వర్డ్‌లను గుర్తుపట్టకుండా మార్చిన రూపాలుండే) శామ్ ఫైలు మీద మామూలు యూజర్లకూ రీడ్ పర్మిషన్ ఉండిపోయింది. సిస్టమ్ నడుస్తుండగా ఆ ఫైలు లాక్‌లో ఉంటుంది. అయితే షాడో కాపీల్లోంచి (విండోస్ తీసి దాచుకునే పాత నకళ్లలోంచి) చదివేయొచ్చు. అందుకే అప్‌డేట్ వేసినా పాత షాడో కాపీలను విడిగా తీసేయాల్సి వచ్చింది.

అపోహ: సెట్‌యూఐడీ ప్రోగ్రాములన్నీ (ఎవరు నడిపినా ఓనర్ అధికారాలతో నడిచేవి) ఎప్పుడో వడపోసినవే.

వాస్తవం: 2009 నుంచీ పీకేఎగ్జెక్ అనే లినక్స్ సెట్‌యూఐడీ ప్రోగ్రాములో ఉన్న లోపం 2022 జనవరిలో గానీ లోకానికి తెలియలేదు. పేరు ప్వన్‌కిట్. ప్యాచ్ వచ్చేలోగా సూచించిన తాత్కాలిక ఉపాయం ఆ ప్రోగ్రాముకి సెట్‌యూఐడీ బిట్ తీసేయడం. మీ సర్వర్లో ఫైండ్ కమాండుకి మైనస్ పెర్మ్ మైనస్ 4000 (-perm -4000) ఇచ్చి చూడండి. వచ్చిన లిస్టులో అవసరం లేనివాటికి ఆ బిట్ తీసేయండి.