గ్రాఫిక్స్ కార్డు పోతోందా? వీడియో ఎడిటర్లను నష్టపరిచే అపోహలు

రెండేళ్ల క్రితం ఒక ఇంటర్వ్యూ చిత్రాన్ని ఎడిట్ చేసి పంపించాను. మర్నాడే ఫోను వచ్చింది. పదకొండో నిమిషంలో, మాట్లాడుతున్న మనిషి ముఖం మీద ఒక్క క్షణం ఆకుపచ్చ గళ్లు మెరిసి పోతున్నాయని చెప్పారు. టైమ్‌లైన్ తెరిచి చూస్తే అక్కడ ఏ లోపమూ లేదు. మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేశాను. పదకొండో నిమిషం శుభ్రంగా ఉంది, కానీ గళ్లు ఇరవై మూడో నిమిషంలోకి వెళ్లాయి. గ్రాఫిక్స్ కార్డు మెమరీ చెడిపోతోందని అప్పుడు అర్థమైంది.

గేములు ఆడేవారికి ఇలాంటి గళ్లు క్షణం పాటు చిరాకు కలిగించి పోతాయి. ఎడిటర్ విషయంలో అవి పనిలోనే అచ్చుపడిపోతాయి, చూసేవారి దాకా వెళతాయి. అందుకే కార్డు పాడవడాన్ని మనం తేలికగా తీసుకోలేం. అలాగని కంగారుపడి దొరికిన కార్డల్లా కొనడమూ తప్పే. నేను ఎడిటింగ్‌తో పాటు తోటివారి యంత్రాలు కూడా చూసిపెడుతుంటాను. తక్కువ డబ్బుతో కార్డు మార్చాలనుకునేవారి నోట పదేపదే వినిపించే అపోహలు ఇవి.

అపోహ: తెర మీద గీతలు, గళ్లు కనిపిస్తే కార్డు పోయినట్లే.

కావచ్చు, కాకపోవచ్చు. కొత్త కార్డు కొన్నాక కూడా అవే గీతలు వచ్చినవారిని నేను చూశాను. చివరికి తేలింది వదులైన కేబుల్.

ముందుగా, గీతలు కనిపిస్తున్నప్పుడే స్క్రీన్‌షాట్ తీసి ఆ బొమ్మను ఫోనులో తెరిచి చూడండి. గీతలు బొమ్మలోనూ ఉంటే తప్పు కార్డులోనో, దాన్ని నడిపించే సాఫ్ట్‌వేర్ అయిన డ్రైవర్‌లోనో ఉంది. బొమ్మ శుభ్రంగా ఉండి తెర మీద మాత్రమే కనిపిస్తుంటే కేబుల్‌ను, మానిటర్‌ను, కార్డు వెనుక ఉన్న పోర్టును అనుమానించాలి. రెండో పరీక్ష: కంప్యూటర్ ఆన్ చేయగానే, విండోస్ మొదలవక ముందే బయాస్ తెరలో కూడా చెత్త కనిపిస్తోందా? కనిపిస్తే డ్రైవర్ నిర్దోషి, ఎందుకంటే అప్పటికి అది లోడ్ కూడా అయి ఉండదు.

తెర ఒక్కసారి నల్లబడి తిరిగి వచ్చి, డిస్‌ప్లే డ్రైవర్ స్పందించలేదని సందేశం వస్తుంటే అది వేరే సంగతి. కార్డు 2 సెకన్ల పాటు జవాబు ఇవ్వకపోతే డ్రైవర్‌ను తిరిగి ప్రారంభించే ఏర్పాటు విండోస్‌లో ఉంది. చెడిపోతున్న కార్డు వల్లనే కాదు, మరీ బరువైన ఎఫెక్ట్ వల్ల, అస్తవ్యస్తమైన డ్రైవర్ వల్ల కూడా ఇలా జరుగుతుంది. పాత డ్రైవర్‌ను పూర్తిగా తుడిచి, కొత్తగా వేసి చూడకుండా కార్డు మీద తీర్పు చెప్పవద్దు. ఎక్స్‌పోర్ట్ మధ్యలో కంప్యూటర్ మొత్తం ఠక్కున ఆగిపోతుంటే నేను మొదట పవర్ సప్లయ్‌ని చూస్తాను. పది నిమిషాలు బాగా నడిచి ఆ తరువాతే తడబడుతుంటే వేడిని చూస్తాను. హీట్‌సింక్‌లో దుమ్ము, ఎండిపోయిన థర్మల్ పేస్ట్, తిరగని ఫ్యాన్ అన్నీ చాలా తక్కువ ఖర్చుతో బాగయ్యేవే. అయితే కార్డు విప్పే ముందు వారంటీ ఉందేమో చూసుకోండి. ఉంటే స్క్రూ కూడా ముట్టుకోవద్దు.

మెమరీ మీద అనుమానం ఉంటే కార్డు మెమరీ వేగాన్ని సాఫ్ట్‌వేర్‌తో కొన్ని వందల మెగాహెర్ట్జ్ తగ్గించి చూడండి. గళ్లు తగ్గాయంటే అనుమానం బలపడినట్లే. చేతిలో ఉన్న పని గట్టెక్కడానికి ఈ ఉపాయం కొన్ని రోజులు పనికొస్తుంది కూడా. అంతకు మించి దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

అపోహ: ఓవెన్‌లో పెట్టి వేడిచేస్తే కార్డు బతుకుతుంది.

దయచేసి ఈ పని చేయకండి. ఊడిన టంకం కరిగి మళ్లీ అతుక్కుంటుందని చెబుతారు. ఇప్పటి కార్డుల్లో వాడే సీసం లేని టంకం కరగాలంటే సుమారు 217 డిగ్రీల సెల్సియస్ కావాలి. ఈ చిట్కా చెప్పేవారు పెట్టమనే వేడి సాధారణంగా 200 డిగ్రీలకు లోపే. అంటే టంకం కరగనే కరగదు. మరి కొన్ని కార్డులు ఎందుకు లేస్తాయి? చాలాసార్లు లోపం బోర్డు మీది టంకంలో కాక, చిప్‌కూ దాని అడుగు పలకకూ మధ్య ఉండే సూక్ష్మమైన బొడిపెల్లో ఉంటుంది. వేడికి అవి కొద్దిగా సర్దుకుని తాత్కాలికంగా తాకుతాయి. 2008 జూలైలో ఎన్‌విడియా తన ల్యాప్‌టాప్ చిప్‌లలో ఇలాంటి బలహీనత ఉందని ఒప్పుకుని, ఆ ఖర్చు కోసం 15 నుంచి 20 కోట్ల డాలర్లు పక్కన పెట్టింది. తయారుచేసిన సంస్థే అంత సొమ్ము కేటాయించిన లోపం వంటింటి ఓవెన్‌తో నయం కాదు. పైగా వేడెక్కిన ప్లాస్టిక్, ఫ్లక్స్ పొగ తరువాత మీరు వండే ఆహారంలోకి చేరుతుంది.

అపోహ: కార్డు తీసేస్తే పని ఆగిపోతుంది, కాబట్టి ఈరోజే ఏదో ఒకటి కొనాలి.

ఈ తొందరే జేబుకు ఎక్కువ చిల్లు పెడుతుంది. మీ ప్రాసెసర్‌లోనే గ్రాఫిక్స్ ఉంటే చెడిపోయిన కార్డును తీసి పక్కన పెట్టి, మానిటర్ కేబుల్‌ను మదర్‌బోర్డు పోర్టుకు తగిలించండి. ఫుటేజీకి సగం రిజల్యూషన్‌లో ప్రాక్సీలు, అంటే ఎడిటింగ్ వరకు వాడుకునే తేలికైన నకళ్లు, తయారుచేసుకోండి. కెమెరాలు, ఫోన్లు రికార్డు చేసే హెచ్.264, హెచ్‌ఈవీసీ ఫైళ్లలో ఎక్కువ ఫ్రేములు పక్క ఫ్రేముల మీద ఆధారపడి ఉంటాయి. ఒక ఫ్రేము చూపించాలంటే ముందు మరికొన్నింటిని విప్పాలి. ప్రోరెస్ ప్రాక్సీ, డీఎన్‌ఎక్స్‌హెచ్‌ఆర్ ఎల్‌బీ వంటి ఫార్మాట్లలో ప్రతి ఫ్రేమూ స్వతంత్రం. డిస్కులో చోటు ఎక్కువ తింటాయి గానీ సామాన్యమైన ప్రాసెసర్ కూడా వాటిని హాయిగా నడిపిస్తుంది. కత్తిరింపు, కూర్పు, శబ్దం పనులన్నీ ఇలాగే చేసుకోవచ్చు. రంగుల పనికీ, తుది ఎక్స్‌పోర్ట్‌కూ ఓపిక కావాలి, అంతే.

ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ లేనివారికి ఈ దారి లేదు. ఇంటెల్‌లో పేరు చివర ఎఫ్ అక్షరం ఉన్నవి, 7000 శ్రేణికి ముందు వచ్చిన రైజెన్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో పేరు చివర జీ లేనివి ఆ కోవకు చెందుతాయి.

అపోహ: గేముల్లో వేగంగా నడిచే కార్డే ఎడిటింగ్‌కూ వేగం.

అన్నిటికన్నా ఎక్కువ డబ్బు వృథా అయ్యేది ఇక్కడే. గ్రాఫిక్స్ కార్డులో మనకు అక్కరకు వచ్చే భాగాలు మూడు. లెక్కలు చేసే కోర్లు ఎఫెక్టులకు, రంగులకు పనికొస్తాయి. మెమరీ ఫ్రేములను పట్టి ఉంచుతుంది. మూడోది వీడియోను విప్పడానికీ, మూటకట్టడానికీ ప్రత్యేకంగా చెక్కిన చిన్న భాగం, అంటే డీకోడర్, ఎన్‌కోడర్. గేము పరీక్షలు కొలిచేది ప్రధానంగా మొదటి భాగాన్ని. టైమ్‌లైన్ మీద వేలు కదిపితే వీడియో నత్తనడక నడుస్తోందంటే చాలాసార్లు కారణం మూడో భాగం.

ఉదాహరణకు 2022 జనవరిలో వచ్చిన ఏఎండీ ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీని తీసుకోండి. గేముల కోసం చవకగా వచ్చిన కార్డు. అందులో హార్డ్‌వేర్ ఎన్‌కోడర్ లేదు, ఏవీ1 అనే కొత్త వీడియో ఫార్మాట్‌ను విప్పే డీకోడర్ కూడా లేదు. దాని తమ్ముడు ఆర్ఎక్స్ 6400 కూడా అంతే. ఎన్‌విడియా జీటీ 1030లోనూ ఎన్‌కోడర్ లేదు. దాన్ని కొన్నవారు ఎక్స్‌పోర్ట్ వేగం పెరగలేదని వాపోతే తప్పు వారిది కాదు, కొనే ముందు ఎవరూ చెప్పకపోవడానిది. జీటీఎక్స్ 1650కి ఎన్‌కోడర్ ఉంది కానీ మొదట వచ్చిన మోడళ్లలో అది పాత తరానిది. అదే 2019లో వచ్చిన 1650 సూపర్‌లో కొత్త తరానిది.

కాబట్టి కొట్టుకు వెళ్లే ముందు మీ కెమెరా ఏ ఫార్మాట్‌లో రికార్డు చేస్తోందో కాగితం మీద రాసుకోండి. ఫోను ఫుటేజీ, మామూలు 8 బిట్ హెచ్.264 అయితే పదేళ్ల నాటి కార్డులు కూడా విప్పుతాయి. రంగు వివరాలను ఎక్కువగా దాచే 10 బిట్ 4:2:2 హెచ్‌ఈవీసీ అయితే కథ మారుతుంది. ఎన్‌విడియా కార్డుల్లో 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 50 శ్రేణికి ముందువి దీన్ని హార్డ్‌వేర్‌లో విప్పలేవు, ఎంత ఖరీదైనవైనా సరే. ఇంటెల్ 11వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్ల నుంచి లోపలి గ్రాఫిక్స్ విప్పుతుంది. అంటే మీ దగ్గర అలాంటి ప్రాసెసర్ ఇప్పటికే ఉంటే, బయాస్‌లో లోపలి గ్రాఫిక్స్‌ను ఆన్ చేసి ఉంచడమే పైసా ఖర్చు లేని మెరుగుదల. కార్డు పెట్టగానే చాలా బోర్డులు దాన్ని ఆపేస్తాయి, మనం గమనించం.

ఇంటెల్ ఆర్క్ ఏ380 నేను ఇష్టపడే చిన్న కార్డు. 6 జీబీ మెమరీ, ఈ 4:2:2 హెచ్‌ఈవీసీని విప్పే శక్తి, ఏవీ1 ఎన్‌కోడర్ మూడూ ఉన్నాయి. కానీ ప్రాసెసర్ కార్డు మెమరీ మొత్తాన్ని ఒకేసారి అందుకోనిచ్చే రీసైజబుల్ బార్ సౌకర్యం లేని పాత మదర్‌బోర్డులో అది బాగా కుంటుపడుతుంది. పాత యంత్రం ఉన్నవారికి నేను దాన్ని సూచించను.

సాఫ్ట్‌వేర్ సంగతి కూడా చూడాలి. డావిన్చీ రిజాల్వ్ కార్డు మీద చాలా భారం వేస్తుంది, దాని ఉచిత ప్రతిలో కొన్ని హార్డ్‌వేర్ సౌకర్యాలు ఉండవు. ప్రీమియర్ ప్రో ప్రాసెసర్‌నూ గట్టిగా వాడుతుంది. మీరు వాడే సాఫ్ట్‌వేర్ ఏది అడుగుతోందో దానికే డబ్బు పెట్టండి.

అపోహ: మెమరీ ఎంత ఎక్కువైతే కార్డు అంత వేగం.

మెమరీ బల్ల లాంటిది. చాలినంత ఉంటే పని సాగుతుంది, అంతకన్నా పెద్దదైతే చేతుల వేగం పెరగదు. చాలకపోతే మాత్రం పని మొత్తం ఆగుతుంది. 4కే ఫ్రేములో 3840 × 2160, అంటే సుమారు 83 లక్షల పిక్సెళ్లు. రంగుల పనిలో ఒక్కో పిక్సెల్‌కు 16 బైట్లు పడితే ఒక్క ఫ్రేముకే సుమారు 133 మెగాబైట్లు. నాయిస్ తగ్గించే ఎఫెక్ట్ ముందు వెనుక ఫ్రేములను కూడా కలిపి చూస్తుంది, ఒక్కో మెట్టులో కొత్త నకళ్లు పుడతాయి. 4 జీబీ ఎంత త్వరగా నిండుతుందో దీన్ని బట్టి ఊహించవచ్చు. 1080పీ ఫ్రేము ఇందులో నాలుగో వంతు మాత్రమే. నా అనుభవంలో 1080పీ పనికి 4 జీబీతో నెట్టుకు రావచ్చు, 4కేలో రంగులు దిద్దేవారు 8 జీబీకి తగ్గకూడదు. రెండు కార్డులు పెడితే మెమరీ కలిసిపోతుందనుకోవడం కూడా పొరపాటు.

పేరు ఒకటే అయినా సరుకు ఒకటే కాదని గుర్తుంచుకోండి. జీటీ 1030లో డీడీఆర్4 రకం మెమరీ వేగం జీడీడీఆర్5 రకంలో దాదాపు మూడో వంతే. ఆర్‌టీఎక్స్ 3050లో 6 జీబీది, 8 జీబీది వేర్వేరు కార్డులనే చెప్పాలి. 6 జీబీ దానిలో కోర్లు కూడా తక్కువ.

అపోహ: వృత్తిగా చేసేవారికి వర్క్‌స్టేషన్ కార్డు తప్పనిసరి.

వర్క్‌స్టేషన్ కార్డులంటే వృత్తి పనుల కోసమే ప్రత్యేకంగా అమ్మే ఖరీదైన కార్డులు. 10 బిట్ రంగు చూడాలంటే ఒకప్పుడు కొంతవరకు నిజమే. 2019 జూలైలో ఎన్‌విడియా ఆ సౌకర్యాన్ని మామూలు కార్డులకూ తన స్టూడియో డ్రైవర్ ద్వారా ఇచ్చింది. బడ్జెట్ తక్కువైనప్పుడు దీని గురించి ఆలోచించనక్కర లేదు.

అపోహ: మైనింగ్‌లో వాడిన కార్డును ముట్టుకోకూడదు.

మైనింగ్ అంటే కార్డులతో లెక్కలు చేయించి క్రిప్టోకరెన్సీ సంపాదించడం. 2022 సెప్టెంబరులో ఇథీరియం అనే క్రిప్టోకరెన్సీ ఆ మైనింగ్ పద్ధతిని వదిలేశాక అలాంటి కార్డులు పెద్ద ఎత్తున బయటికి వచ్చాయి. వాటి మీద భయం పూర్తిగా నిరాధారం కాదు. రాత్రింబవళ్లు తిరిగిన ఫ్యాన్లు అరిగి ఉంటాయి, మెమరీ ఎక్కువ వేడిని భరించి ఉంటుంది. కానీ చిప్ విషయంలో, మైనింగ్ చేసేవారు చాలామంది కరెంటు ఆదా కోసం వోల్టేజి తగ్గించి, ఒకే వేడి దగ్గర నిలకడగా నడిపేవారు. చరిత్ర కన్నా ప్రస్తుత ఆరోగ్యం ముఖ్యం. నడుస్తున్న యంత్రంలో చూడనిదే డబ్బు ఇవ్వవద్దు. అరగంట పాటు బరువైన పరీక్ష పెట్టి మెమరీ వేడిని గమనించండి. మీ ఫుటేజీనే పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లి ఎక్స్‌పోర్ట్ చేయించి, ఫలితం మొత్తం చూడండి. కార్డు వివరాలు చూపించే జీపీయూ-జెడ్ అనే సాఫ్ట్‌వేర్ తెరిచి పేరు, కోర్లు, మెమరీ రకం సరిపోతున్నాయో చూడండి. పాత చిప్ మీద కొత్త పేరు రాసిన నకిలీ కార్డులను అది చాలావరకు పట్టేస్తుంది.

వయసు కూడా ముఖ్యమే. ఎన్‌విడియా జీటీఎక్స్ 900, 1000 శ్రేణులకు 2025 అక్టోబరుతో మామూలు డ్రైవర్లు ముగిశాయి, ఇకపై భద్రతా సవరణలు మాత్రమే వస్తాయి. చవకగా దొరుకుతున్నాయని వాటిని కొనేవారు ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌ను తరచూ అప్‌డేట్ చేసే అలవాటును మానుకోవలసి వస్తుంది.

అపోహ: స్లాట్‌లో పడితే చాలు, నడుస్తుంది.

స్లాట్ ఇచ్చే కరెంటు 75 వాట్లు. 6 పిన్ తీగ మరో 75, 8 పిన్ తీగ 150 ఇస్తాయి. తీగ లేకపోతే, డిస్కులకు కరెంటు ఇచ్చే సాటా తీగ నుంచి మార్చే అడాప్టర్ పెట్టుకోమని సలహా ఇస్తుంటారు. సాటా కనెక్టర్ 12 వోల్టుల దగ్గర 54 వాట్లకే తయారైంది, అది కాలిపోవడం నేను కళ్లారా చూశాను. పవర్ సప్లయ్ మార్చే స్తోమత లేకపోతే 70 వాట్ల ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ వంటి కార్డులు చూడండి. చాలా మోడళ్లకు వేరే తీగే అక్కర లేదు. కార్డు పొడవు, మందం కొలిచి, కేబినెట్‌లో చోటు ఉందో లేదో చూసుకోండి.

అపోహ: కొత్త కార్డు పెట్టగానే గళ్ల బెడద వదిలినట్లే.

నేనూ అలాగే అనుకున్నాను. కొత్త కార్డు పెట్టి, డ్రైవర్ వేసి, ఆ ఇంటర్వ్యూ చిత్రాన్ని ఎక్స్‌పోర్ట్ చేస్తే గళ్లు మళ్లీ కనిపించాయి, ఈసారి ప్రతిసారీ అదే చోట. రెండు గంటలు తల పట్టుకున్నాక తట్టింది: ఆ భాగాన్ని పాత కార్డు ముందే రెండర్ చేసి కాష్‌లో, అంటే తాత్కాలిక నిల్వలో, దాచింది. ఎక్స్‌పోర్ట్ ఆ దాచిన ఫ్రేములనే తెచ్చి అతికిస్తోంది. ప్రీమియర్‌లో ప్రివ్యూలను వాడే ఎంపిక, రిజాల్వ్‌లో రెండర్ కాష్ బొమ్మలను వాడే ఎంపిక ఇదే పని చేస్తాయి. కాష్ మొత్తం చెరిపేసి, ఆ ఎంపికలు తీసేసి మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేశాను. మొదటి నుంచి చివరి దాకా కూర్చుని చూశాను. ఒక్క గడీ కూడా లేదు. పాత కార్డు అనుమానంలో ఉన్న నెలల్లో చేసిన మిగతా నాలుగు ప్రాజెక్టులనూ అలాగే తిరిగి ఎక్స్‌పోర్ట్ చేసి, మళ్లీ పంపించాను.