స్విచ్ చిటపటమంటుంటే

చిరంజీవులైన పిల్లలకు తాతయ్య ఆశీస్సులు.

హాల్లో లైటు స్విచ్ వేస్తే చిటపటమంటోందనీ, బోర్డు మీద ఒక్కటిస్తే వెలుగుతోందనీ ఫోన్లో చెప్పారు. ఆ కొట్టడం ఇవాళ్టితో ఆపండి. బోర్డు విప్పడం ఇంకా మీ వయసు పని కాదు. మీ నాన్న విప్పేటప్పుడు కాస్త దూరంగా నిలబడి టార్చి పట్టండి, చూసినదల్లా అర్థమయ్యేలా ముందే చెబుతున్నాను.

స్విచ్ లోపల పెద్ద విశేషమేమీ ఉండదు. ఓ చిన్న లోహపు రేకు, దాన్ని టక్కున అటూ ఇటూ నెట్టే స్ప్రింగు, వైర్లు బిగించే స్క్రూలు. స్విచ్ వేస్తే రేకు వెళ్లి ఎదుటి బొడిపెను తాకుతుంది, ఆపితే విడిపోతుంది. విడిపోయే క్షణంలో సన్నటి నిప్పురవ్వ పుడుతుంది. ఏళ్ల తరబడి అలా కాలి కాలి బొడిపె మీద గుంటలు పడతాయి, మసి పేరుకుంటుంది. ఇక రేకు తాకీ తాకనట్టు ఆనుతుంది. మీరు వింటున్న చప్పుడు అదే. సరిగా ఆనని చోట వేడి పుడుతుంది కాబట్టే ప్లాస్టిక్ పచ్చబడుతుంది, కాలిన వాసన వస్తుంది. మీరు కొట్టినప్పుడు రేకు కాస్త కదిలి ఇంకోచోట ఆనుతుంది, అంతకు మించి అందులో మీ గొప్పేం లేదు.

అయితే తప్పు స్విచ్‌దే కానక్కర్లేదు. ముందు బల్బు మార్చి చూడమనండి. తర్వాత అనుమానించాల్సింది స్క్రూని. అది వదులైనా ఇవే లక్షణాలు. బోర్డులో చీమలు చేరడం కూడా మన ఇళ్లలో మామూలే.

‘స్విచ్ ఆపేశాం కదా, ఇంకేం భయం’ అనుకోకండి. ఆపితే బల్బుకి వెళ్లే కరెంటు ఆగుతుంది గానీ, స్విచ్ దాకా వచ్చే ఫేజు వైరులో, అంటే కరెంటు తెచ్చే వైరులో, 230 వోల్టులూ అలాగే ఉంటాయి. అందుకే ఎంసీబీ, అంటే ఆ లైను మొత్తానికి కరెంటు ఆపే మెయిన్ బోర్డులోని స్విచ్, దించాలి. మీ ఇంట్లో ఇన్వర్టర్ కూడా ఉంది. పెద్దవాళ్లు సైతం పొరబడేది ఇక్కడే. మెయిన్ దించినా, వీధి మొత్తం కరెంటు పోయినా, ఇన్వర్టర్ మీదున్న లైట్లకి బ్యాటరీ నుంచి దాదాపు అంతే వోల్టేజీ వస్తూనే ఉంటుంది. కాబట్టి దాన్నీ ఆపాలి.

ఆ తర్వాత టెస్టర్, అంటే కరెంటు తగిలితే వెలిగే స్క్రూడ్రైవర్ లాంటిది. దానికీ ఓ పద్ధతుంది. కరెంటు ఆపకముందే, పనిచేస్తున్న సాకెట్లో పెట్టి వెలుగుతోందో లేదో చూడాలి. చెడిపోయిన టెస్టర్ ఎక్కడ పెట్టినా వెలగదు, కరెంటు లేదనే చెబుతుంది. ప్లేటు తీశాక ఆ స్విచ్‌కే కాదు, పక్క స్విచ్‌ల స్క్రూలకి కూడా తాకించి చూడమనండి. బోర్డులోకి రెండు లైన్లు వస్తుండవచ్చు.

మిగతాది తేలికే. వైర్లు ఊడదీసే ముందు ఫోన్లో ఫొటో తీయడం మీ పని. ఒక స్క్రూ కింద రెండు వైర్లు కనిపిస్తే ఆశ్చర్యపోకండి, ఫేజు అక్కడి నుంచి పక్క స్విచ్‌కి లూపుగా వెళ్తోందన్నమాట. బిగించేటప్పుడు అందులో ఒకటి జారితే లైటు వెలుగుతుంది, ఫ్యాన్ ఆగిపోతుంది! స్క్రూ బిగించాక వైర్లను ఒక్కోటీ మెల్లగా లాగి చూస్తే సరి. కొత్త స్విచ్ కొనడానికి పాతది జేబులో వేసుకెళ్లండి, ఒక కంపెనీది ఇంకో కంపెనీ ప్లేట్లో కూర్చోకపోవచ్చు. లైటుకి 6 ఆంపియర్లది చాలు. గీజరుకి మాత్రం అది పనికిరాదు. 2000 వాట్ల గీజరు తొమ్మిది ఆంపియర్ల దాకా లాగుతుంది, దానికి 16 ఆంపియర్ల స్విచ్ పెడతారు.

స్క్రూ దగ్గర వైరు తొడుగు కరిగి నల్లబడి ఉంటే, ఎంసీబీ దించే ఉంచి ఎలక్ట్రీషియన్ని పిలవమనండి. ఆయన వచ్చినప్పుడు, స్విచ్ ఆపినా రాత్రిళ్లు మీ గదిలో ఎల్‌ఈడీ బల్బు మసకగా వెలుగుతోందన్నారే, అదీ చూపించండి. స్విచ్‌లో చిన్న ఎర్ర ఇండికేటర్ ఉంటే దానివల్ల కావచ్చు. లేకపోతే ఫేజుకి బదులు, కరెంటు తిరిగి వెళ్లే వైరైన న్యూట్రల్‌కి స్విచ్ వేశారేమో చూడమనండి. అలా వేసి ఉంటే, స్విచ్ ఆపినా హోల్డర్‌లో ఫేజు ఉంటుంది. అది తేలేదాకా ఆ బల్బు ఎవరూ ముట్టుకోకండి.

మీ తాతయ్య