టైల్స్ సందులు: కడప ఇళ్లలో వినిపించే అపోహలు, అసలు వాస్తవాలు

అపోహ: సందులు నల్లబడితే యాసిడ్ పోసి రుద్దడమే మందు.

వాస్తవం: మమ్మల్ని మరమ్మతుకు పిలిచే బాత్రూముల్లో చాలావాటికి అసలు జబ్బు ఈ మందే. బాత్రూం యాసిడ్ అంటే హైడ్రోక్లోరిక్ ఆమ్లం. టైల్స్ సందులు నింపే ముద్దను గ్రౌటు అంటారు. మామూలు గ్రౌటులో ఉన్నది సిమెంటు. ఆమ్లం మురికితో పాటు సిమెంటునూ కరిగిస్తుంది. కడిగిన రోజు సందు తెల్లగానే కనిపిస్తుంది, కానీ పైపొర పోయి గరుకుతేలుతుంది. గరుకు సందులో మురికి ఇంకా త్వరగా చేరుతుంది, మళ్లీ యాసిడ్ సీసా బయటికి వస్తుంది. కడప, తాడిపత్రి, బేతంచెర్ల బండలు పరిచిన ఇంట్లో నష్టం రెండింతలు. అవి సున్నపురాయి జాతివి, యాసిడ్ పడిన చోట నునుపు పోతుంది. మళ్లీ పాలిష్ పట్టించడం తప్ప దారి లేదు.

వంటసోడాను ముద్దగా కలిపి పూసి, కాసేపాగి నైలాన్ బ్రష్‌తో రుద్దండి. బూజు మొండిదైతే పలుచని బ్లీచింగ్ ద్రావణం వాడవచ్చు. దాన్ని యాసిడ్‌తో మాత్రం కలపకండి, క్లోరిన్ వాయువు వెలువడి ఊపిరి ఆడదు.

కుళాయి కింద కట్టే తెల్లటి చార వేరు. అది బోరు నీటిలోని లవణం. స్నానం కాగానే వైపర్‌తో నీళ్లు లాగేస్తే అంతగా పేరుకోదు.

అపోహ: పాత గ్రౌటు మీదే కొత్తది పూస్తే సరిపోతుంది.

వాస్తవం: పలుచని పూత కొన్నాళ్లకే పెచ్చులూడుతుంది. టైల్ మందంలో కనీసం మూడింట రెండు వంతుల లోతు దాకా పాతది తీసి, దుమ్ము పూర్తిగా పీల్చేసి నింపాలి. అంతకు ముందు నాణెంతో టైల్‌ను తట్టి చూడండి. డొల్ల శబ్దం వస్తే కింద పట్టు లేనట్టే, ఎంత మంచి గ్రౌటు వేసినా పగులుతుంది. గోడ, నేల కలిసే మూలలో గ్రౌటు బదులు సిలికాన్ సీలెంట్ వేయించండి.

అపోహ: సందే లేకుండా వేయిస్తే ఈ తలనొప్పి ఉండదు.

వాస్తవం: వేసవిలో 40 డిగ్రీలు దాటే మన ఊళ్లో టైల్స్ వ్యాకోచించి పైకి లేస్తాయి. ఇంట్లో కనీసం 2 మిల్లీమీటర్లు వదలండి. డాబా మీద ఇంకా ఎక్కువ కావాలి.

అపోహ: ఎపాక్సీ (సిమెంటు బదులు రెసిన్‌తో చేసే గ్రౌటు) వేస్తే లీకు ఆగిపోతుంది.

వాస్తవం: ఎపాక్సీ నీటిని దాదాపు పీల్చదు, మరక పట్టదు. నూనె, చింతపండు పులుసు నిత్యం ఒలికే హోటల్ వంటగదికి దాన్నే వేయమంటాను. భోజనాల హాలుకు సిమెంటు గ్రౌటు చాలు, డబ్బు దండగ ఎందుకు? కింది అంతస్తు పైకప్పు చెమ్మగిల్లుతుంటే మాత్రం లోపం టైల్ కింది వాటర్‌ప్రూఫింగులోనో పైపులోనో ఉంటుంది. ముందు అది వెతికించండి.

హోటల్ వారికి ఇంకో మాట. రాత్రి సందులు నింపించి తెల్లవారుజామునే నేల కడిగించకండి. గ్రౌటు గట్టిపడడానికి డబ్బా మీద రాసిన సమయం దాటేదాకా వంటగది మూసి ఉంచగలిగిన రోజే మేస్త్రీని పిలవండి.